లూసిండా వాటా

రోజూ పొద్దున్న ఏడింటికి, మత్స్యకారుల సంఘం ఆఫీసు తాళం తీయకముందే, వెల్డా పాట్రిస్ ఒడ్డుకి దిగుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసకలో నడిచి, పైకి లాగి ఉన్న పడవల్లో నాలుగోదాని దగ్గర ఆగుతుంది. దాని ముక్కు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "నీ వాటా నీకు ముట్టిందా?" అని అడుగుతుంది. పడవ ఏమీ అనదు. వెల్డా ఒక్క క్షణం నిలబడి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి తాళం తీస్తుంది.

పక్కన వలలు విప్పుకునే మగవాళ్ళు తలెత్తి కూడా చూడరు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా నవ్వితే మాత్రం, "నవ్వకు. ఆవిడ దాని తల్లి" అని చెప్తారు.

కారియాకూ దీవిలో, విండ్‌వర్డ్ ఊళ్ళో, పడవకి తల్లి అవడం వింతేమీ కాదు. పిల్లకి జ్ఞానస్నానం చేయించినట్టే పడవకీ చేయిస్తారు. ఆ రోజు దాన్ని తమ పిల్లగా ఒప్పుకునేందుకు జ్ఞానతల్లి ఒకరు ముందుకి రావాలి. వింతల్లా వెల్డా ఆ పని పదకొండో ఏట చేయడం.

ఆమె తండ్రి కాన్రాడ్ ఆ పడవని రెండేళ్ళపాటు ఒడ్డునే కట్టాడు. కొండ మీద వంకర తిరిగిన దేవదారు కొమ్మలు వెతికి, పక్కటెముకలకి సరిపోయే వంపు దొరికేదాకా కొట్టేవాడు కాదు. కాగితం మీద ఒక్క గీత లేదు. నీళ్ళలోకి దించే రోజున ఫాదర్ వచ్చాడు. ముందు భాగాన పొట్టేలుని, వెనక మేకని కోశారు. డప్పులు మోగుతున్నాయి. జ్ఞానతల్లిగా రావాల్సిన మోనా అత్త మాత్రం రాలేదు. రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి బయల్దేరిన ఆవిడ ఓడ గాలికి ఆగిపోయింది. ఆటుపోటు ఎవరికోసమూ ఆగదు కనుక కాన్రాడ్ అటూ ఇటూ చూసి, తెల్ల గౌను వేసుకుని నిలబడ్డ కూతుర్ని భుజం పట్టుకుని ముందుకి నెట్టాడు.

"నేనా నాన్నా? నేనేం చెయ్యాలి?"

"ఆ తాడు లాగు. తర్వాత జన్మంతా ఒక్కటే పని. పిల్ల వాటా పిల్లకి ముట్టేలా చూడ్డం."

వెల్డా తాడు లాగింది. మడత పెట్టిన జెండా విచ్చుకుంది. దాని మీద లూసిండా అని ఉంది. అది నాయనమ్మ పేరు. ఆడవాళ్ళు ఒక్కసారిగా కేక పెట్టారు. గొడ్డళ్ళతో ఊతకర్రలు కొట్టేశారు. పడవ పక్కకి ఒరిగి, దుంగల మీద దొర్లి, నీళ్ళు తాకి, నిటారుగా లేచింది. ఆ లేవడం చూసి వెల్డాకి ఊపిరి ఆగినంత పనయింది. అప్పటిదాకా కర్రల గుట్టగా ఉన్నది ఒక మనిషిలా తల ఎత్తింది.

వాటా అంటే మాటవరసకి అన్నది కాదు. లూసిండా మీద ముగ్గురు వెళ్ళేవాళ్ళు. చేపలు అమ్మి, డీజిలుకీ ఐసుకీ ఇచ్చేశాక మిగిలిన డబ్బు నాలుగు కుప్పలు పెట్టేవాళ్ళు. మూడు మనుషులవి. నాలుగోది పడవది. పడవ కాన్రాడ్‌దే అయినా ఆ కుప్ప కాన్రాడ్‌ది కాదు. అది ఒక సంచిలోకి పోయేది. సంచిలో వంద డాలర్లు పోగయ్యాక బిస్కెట్ డబ్బాలోకి మారేది. మారిన రోజున కాన్రాడ్ ద్వారబంధం మీద కత్తితో ఒక గాటు పెట్టేవాడు. పడవకి తాడు కావాలన్నా రంగు కావాలన్నా డబ్బాలోంచే తీసి, రసీదు తీగకి గుచ్చేవాడు.

ఇంట్లో చెయ్యి ఆడనప్పుడు కాన్రాడ్ డబ్బా ముందు కూర్చునేవాడు. తల్లి పేరు పెట్టినందుకేమో, పడవని ఎప్పుడూ "ఆవిడ" అనే అనేవాడు. "లూసిండా, ఇరవై తీసుకుంటున్నా" అని పైకే చెప్పి, ఇరవై తీసి, దాని చోట వల అంచుకి కట్టే సీసపు గుండు ఒకటి వేసేవాడు. నలభై తీస్తే రెండు గుళ్ళు. తిరిగి పెట్టిన రోజున గుండు బయటికి వచ్చేది. చిన్నప్పుడు వెల్డా ఆ గుళ్ళతో గోళీలాడబోతే, జీవితంలో ఒకే ఒక్కసారి, నాన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తాడంతే.

ఆమె పుస్తకాల పిల్ల. హిల్స్‌బరో స్కూల్లో అకౌంట్స్ పాఠం, సాహిత్యం పాఠం ఒకే గంటకి పడ్డాయి. రెంట్లో ఒకటి తీసుకోవాలి. వెల్డా రెండో ఆలోచన లేకుండా సాహిత్యం వైపు వెళ్ళింది. చదువయ్యాక పోస్టాఫీసులో కూర్చుని, ఊళ్ళో చూపు తగ్గినవాళ్ళకి ఉత్తరాలు చదివి పెట్టడం, రాసి పెట్టడం చేసేది. అలా ఇరవయ్యో ఏడు వచ్చింది.

ఆ ఏడే మత్స్యకారుల సంఘం లెక్కలు రాసే ముసలాయన, మీటింగులో లేచి నిలబడి కళ్ళజోడు తీసేశాడు.

"ఇక నా వల్ల కాదయ్యా. మొన్న మూడుని ఎనిమిది అనుకుని కట్టాను. ఐస్ అమ్మేవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఎవర్నన్నా చదివించండి."

"స్కూల్లో అకౌంట్స్ తీసుకున్నవాడు మనూరికంతా ఒక్కడు. వాడు ఓడెక్కి పోయాడాయె."

"కాన్రాడ్ కూతుర్ని పంపుదాం. దాని చేతిరాత చూశారా? అచ్చు వేసినట్టుంటుంది."

"అది అకౌంట్స్ చదవలేదుగా?"

"చదవలేదనేగా చదవడానికి పంపేది! చదివుంటే ఇంకా పంపడమెందుకు?"

దాంతో వెల్డా పేరు ఖాయమైంది. సగం ఫీజు సంఘం ఇస్తుంది. మిగతా సగం ఇంటివాళ్ళు పెట్టుకోవాలి. మొదటి ఏడాది అకౌంట్స్ పరీక్షకి రెండు అవకాశాలు. రెండోసారి కూడా తప్పితే సంఘం డబ్బు ఆగిపోతుంది, పిల్ల ఇంటికి వచ్చేస్తుంది.

ఇంటివాళ్ళ దగ్గర రెండు వేల నాలుగు వందలు ఎక్కడివి? కాన్రాడ్ పాత వల ఒకటి విప్పి కూర్చున్నాడు. గుళ్ళు ఒక్కొక్కటే కోసి తీశాడు. నూట ఇరవై. అవి పడేటప్పటికి డబ్బా ఎత్తలేనంత బరువెక్కింది. ఆ డబ్బు లూసిండాకి కొత్త ఇంజన్ కోసం దాచినదని వెల్డాకి తెలుసు. పాతది అప్పటికే దగ్గుతోంది. పిల్ల వాటా పిల్లకి ముట్టేలా చూడాల్సిన తల్లి తనే ఆ వాటా తినేసి బయల్దేరింది. సెయింట్ జార్జెస్ వెళ్ళే ఫెర్రీలో ఆమె ఒడ్డు వైపు తిరిగి కూర్చోలేకపోయింది.

విశ్వవిద్యాలయంలో మొదటి రోజు ఎనభై మంది. అకౌంట్స్ చెప్పే గిటెన్స్ సార్‌ది బార్బడోస్. పొడుగాటి మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మడవడు. సుద్దముక్కని చేతిరుమాల్లో చుట్టి పట్టుకుంటాడు.

"స్కూల్లో అకౌంట్స్ చదవనివాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

మూడు చేతులు లేచాయి. తర్వాతి వారానికి ఇద్దరు వేరే సబ్జెక్టుకి మారిపోయారు. వెల్డా ఒక్కతే మిగిలింది.

"మొదటి నాలుగు పాఠాలూ మీకందరికీ తెలిసినవే. అయిదో దానికి వెళ్దాం" అని, ఆమె వైపు చూసి, "మిస్ పాట్రిస్, మీరు లైబ్రరీకి వెళ్దురుగాని" అన్నాడాయన.

వెల్డా లైబ్రరీకి వెళ్ళింది. లావుపాటి అకౌంట్స్ పుస్తకాన్ని నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి వరసగా చదివింది. ఎవరో వస్తారని, ఏదో జరుగుతుందని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. డెబిట్ అంటే చెడ్డది, క్రెడిట్ అంటే మంచిది అనుకుని మూడు వారాలు గడిపింది. రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడ్డవే తప్ప మంచీ చెడూ లేనివని తెలిశాక, అసలు ఏమీ తెలియనట్టయింది.

అయినా ఒక సంగతి ఆమెని అక్కడ కట్టిపడేసింది. సార్ బోర్డు మీద నిలువునా గీత గీసి, ఎడమవైపు కొన్ని అంకెలు, కుడివైపు కొన్ని అంకెలు వేసుకుంటూ పోయేవాడు. ఒకదానికీ ఒకదానికీ సంబంధం ఉన్నట్టే కనిపించేది కాదు. కొట్టు అద్దె, గుర్రం దాణా, ఎవరో ఎగ్గొట్టిన బాకీ. చివర రెండు గీతలు గీసేవాడు. రెండువైపులా ఒకే మొత్తం. చివరి సెంటుతో సహా. క్లాసులో ఎవరూ తలెత్తలేదు. వాళ్ళకి అది పన్నెండో ఏట నుంచీ చూస్తున్న సంగతి. వెల్డాకి మాత్రం ఒళ్ళు జలదరించింది. పడవ నీళ్ళు తాకి నిటారుగా లేచిన క్షణం గుర్తొచ్చింది.

పక్క కుర్చీలో కూర్చునే కెర్విన్ ఆమె మొహం చూసి, "ఏంటలా చూస్తున్నావ్, అద్భుతం జరిగినట్టు?" అన్నాడు.

"జరిగింది కదా."

"అది సరిపోకపోతే అద్భుతం. సరిపోతే మామూలు" అన్నాడు కెర్విన్. అతను స్కూల్లో అకౌంట్స్‌లో దీవికే మొదటివాడు. మనసు మంచిదే, నోరే ఊరుకోదు.

అక్టోబర్లో చిన్న పరీక్ష పెట్టారు. ఒకాయన సొంత డబ్బుతో బేకరీ పెట్టాడు. ఏడాదికి ఇంత లాభం వచ్చింది. మధ్యలో పిల్లల కోసం రొట్టెలు ఇంటికి తీసుకెళ్ళాడు. లెక్క తేల్చండి. వెల్డా నిదానంగా ఆలోచించి, లాభాన్ని రెండు భాగాలు చేసింది. ఒకటి యజమానికి రాసింది. రెండోది బేకరీకి రాసింది.

కాగితాలు తిరిగి ఇచ్చే రోజున గిటెన్స్ సార్ ఆమె కాగితం పట్టుకుని ఆగాడు.

"మిస్ పాట్రిస్. బేకరీకి వాటా ఇచ్చారేం?"

వెల్డా లేచి నిలబడింది.

"నేను పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెప్తున్నాను. బేకరీకి వాటా ఇచ్చినవాళ్ళని చూడలేదు. ఏం చేసుకుంటుందది? బూట్లు కొనుక్కుంటుందా?"

క్లాసంతా గొల్లుమంది.

"కప్పు సార్" అంది వెల్డా చిన్నగా. "కప్పు వేయించుకుంటుంది. పొయ్యి పగిలితే పొయ్యి."

నవ్వు ఇంకా పెరిగింది. సార్ నవ్వలేదు. నొసలు ముడిచి, కాగితం ఆమె చేతికిచ్చి, ముందుకి వెళ్ళాడు. వందకి పద్దెనిమిది. ఆ రోజు నుంచి ఆమె పేరు మిస్ వాటా. క్యాంటీన్‌లో కెర్విన్, "ఈ బల్లకి ఓ ముక్క పెట్టు మిస్ వాటా, పాపం పొద్దుట్నుంచీ నిలబడే ఉంది" అనేవాడు. వెల్డా నవ్వేది. తను ఉంటున్న మోనా అత్త ఇంటికి వెళ్ళాక, ఆవిడ పెట్టిన ఎండుచేపా రొట్టే కెలికి వదిలేసేది.

అత్తకి లెక్కలు తెలియవు, మేనకోడలు తెలుసు. "తిండి మానితే అంకెలు లోపలికి పోతాయనుకుంటున్నావేంటే? తిను" అనేది.

డిసెంబర్ పరీక్షలో ముప్పై ఒకటి వచ్చింది. నలభై రావాలి. ఇక మిగిలింది మే నెలలో ఒక్కసారి.

ఆమెని నిలువునా ఆపేసింది ఒక్క విషయం. ఆస్తి అప్పుల పట్టీలో యజమాని సొంతంగా పెట్టిన పెట్టుబడిని ఆస్తుల వైపు కాక, అప్పుల వైపు రాస్తారు. బ్యాంకుకి ఇవ్వాల్సినదీ, పిండి వ్యాపారికి ఇవ్వాల్సినదీ ఉన్న వరసలోనే. కొట్టు ఆయనదే, డబ్బూ ఆయనదే, మళ్ళీ అప్పేమిటి? కెర్విన్‌ని అడిగితే, "అలా రాయాలి కాబట్టి రాస్తాం. అర్థం చేసుకోకు, బట్టీ పట్టు" అన్నాడు. వెల్డాకి అర్థం కానిది బట్టీ రాదు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఈస్టర్ సెలవులకి టికెట్ డబ్బుల్లేక రానని కబురు పెట్టింది. కాన్రాడ్ ఫెర్రీ నడిపేవాడి చేత ఇరవై డాలర్లు పంపించాడు. గురువారం సాయంత్రం రేవులో దిగగానే, "ఎక్కడివి నాన్నా?" అంది. "జేబులో చిల్లర పడుంటేనూ" అన్నాడు.

శుభ శుక్రవారం నాడు విండ్‌వర్డ్‌లో ఏ పడవా కదలదు. గుడి నుంచి వచ్చి, మొక్కజొన్న సంకటీ చేపల పులుసూ తిని, తండ్రీ కూతుళ్ళు వసారాలో కూర్చున్నారు. ఎండ సముద్రం మీద తెల్లగా పడుతోంది. కాన్రాడ్ కందికాయలు ఒలుస్తున్నాడు. ఒడ్డున లూసిండా మెడ వంచుకున్నట్టు ఒరిగి ఉంది.

"నాన్నా, నేను తిరిగి వెళ్ళను" అంది వెల్డా.

కాన్రాడ్ కాయలు ఒలవడం ఆపలేదు. "ఊఁ" అన్నాడు.

"నాకు రాదు. మే నెలలోనూ తప్పుతాను. ఇప్పుడే ఆపేస్తే ఇంకా కట్టని రెండో విడత ఫీజన్నా మిగులుతుంది, ఇంజన్‌కి."

"ఏం రాదు?"

"చెప్తే నీకేం తెలుస్తుంది?"

"తెలీకపోతే ఇద్దరికీ తెలీదు. చెప్పు."

వెల్డా చెప్పింది. యజమాని డబ్బు. అతని కొట్టు. అయినా అప్పుల వైపు రాయడం. చెప్తుంటే ఆమెకే కోపం వచ్చింది. "తన డబ్బు తనకే ఎలా బాకీ ఉంటాడు ఎవడైనా?"

కాన్రాడ్ ఒక కాయ ఒలిచి, గింజలు చేతిలో పోసుకుని, కూతురి వైపు చూశాడు.

"లూసిండా ఎవరిది?"

"నీది."

"లోపల ఆ డబ్బా ఎవరిది?"

"లూసిండాది."

"రేపు నేను ముసలాణ్ణయి పడవ తీసేశాననుకో. ఆవిడ ఏం చెయ్యాలి? డబ్బాలో ఉన్నది పట్టుకుని సముద్రంలోకి పోతుందా?"

"డీజిలు వాడికీ ఐసు వాడికీ ఇవ్వాల్సింది ఇచ్చి…" వెల్డా ఆగింది. "మిగిలిందంతా నీకు ఇవ్వాలి."

"ఇవ్వాలా, ఇష్టమైతే ఇస్తుందా?"

"ఇవ్వాలి."

"ఇవ్వాల్సినదాన్ని మీ సార్ ఏమంటాడు?"

వెల్డా నోరు తెరిచింది. "అప్పు" అంది. వసారా, కందికాయల బుట్ట, తెల్లటి సముద్రం అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కానీ వాటి మధ్య ఏదో గీత వెలిగినట్టయింది. యజమాని వేరు. కొట్టు వేరు. కొట్టు ఒక మనిషి. దానికీ ఒక తల ఉంది, చేతులున్నాయి, అది అందరికీ బాకీ ఉంటుంది, చివరికి తనని కన్నవాడికి కూడా. తను పదకొండో ఏట తెల్ల గౌను వేసుకుని, ఊరంతా చూస్తుండగా, అలాంటి ఒక మనిషిని ఒడిలోకి తీసుకుంది. పదేళ్ళుగా దాని వాటా పక్కన పెట్టడం చూస్తూనే ఉంది. నాలుగు పాఠాలు ఎగరగొట్టి మొదలుపెట్టానని ఏడుస్తున్నది ఆ పాఠాలు వీపు మీద మోసుకుంటూనే.

"డబ్బా తియ్యి నాన్నా" అంది.

"ఎందుకు?"

"తియ్యి."

డబ్బా బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. వెల్డా కాగితం మీద నిలువునా గీత గీసింది. ముందు ద్వారబంధం దగ్గరికి వెళ్ళి గాట్లు లెక్కపెట్టింది. రెండు వందల పద్నాలుగు. అంటే పదేళ్ళలో లూసిండా వాటాగా డబ్బాలోకి చేరింది ఇరవై ఒక్క వేల నాలుగు వందలు. తీగకి గుచ్చిన రసీదులు ఒక్కొక్కటే తీసి కూడింది. పాత ఇంజను, రెండు తెరచాపలు, తాళ్ళు, రంగు, మేకులు. పదహారు వేల తొమ్మిది వందలు. నాలుగు వేల అయిదు వందలు మిగలాలి.

"పదేళ్ళ సంగతి. చదువురానివాడి లెక్క. సరిపోతుందని ఆశపడకు" అన్నాడు కాన్రాడ్. అంటూనే బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

నోట్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది వందల అరవై. గుళ్ళు లెక్కపెట్టింది. నూట ముప్పై ఒకటి. ఒక్కోటి ఇరవై చొప్పున రెండు వేల ఆరు వందల ఇరవై. రెండూ కలిపితే నాలుగు వేల నాలుగు వందల ఎనభై.

మళ్ళీ కూడింది. మళ్ళీ నాలుగు వేల నాలుగు వందల ఎనభై.

"ఇరవై తగ్గింది" అంది.

పదేళ్ళకి ఇరవై డాలర్లు ఏ మూల? ఎవరైనా నవ్వి వదిలేస్తారు. వెల్డా వదల్లేదు. రసీదులు మళ్ళీ తిప్పింది. గాట్లు మళ్ళీ వేలితో తడిమింది. గుళ్ళు పదేసి చొప్పున వరసలు పేర్చింది. పదమూడు వరసలు, పైన ఒకటి. తలెత్తేసరికి తండ్రి బల్ల వైపు చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాన్నా?"

"ఏంటి."

"ఒక గుండు తక్కువుంది."

కాన్రాడ్ ముక్కు గోక్కుంటూ, "నీ టికెట్టు" అన్నాడు. "బుధవారం తీశాను. రేపు శనివారం వాటాలు పంచగానే పెట్టేద్దామనుకున్నా. మూడ్రోజులకి గుండెందుకులే అని…"

వెల్డా కాగితం వైపు చూసింది. జేబులో చిల్లర అని నాన్న అన్న మాటని ఆ కాగితం నమ్మలేదు. ఏ సాక్షీ లేని చోట, ఎవరూ అడగని చోట, పదేళ్ళ గాట్లూ రసీదులూ సీసపు గుళ్ళూ కలిసి ఒక నిలువు గీతకి అటూ ఇటూ నిలబడి, ఒక తండ్రి బయటపెట్టని సంగతిని బయటపెట్టాయి. ఆమెకి భయమేసింది. గుడిలో వేసే భయం లాంటిది అది.

కాన్రాడ్‌ది మాత్రం ఇంకో రకం ఆశ్చర్యం. లేచి వచ్చి కాగితం మీదికి వంగాడు. తనకి అంతుపట్టని ఆ అంకెల మీద వేలు పెట్టి, "ఇదా నన్ను పట్టుకుంది?" అన్నాడు.

"ఇదే."

"గీత గీసి, అటూ ఇటూ రాస్తే?"

"అంతే నాన్నా."

"ఓర్నీ" అన్నాడు. "మా నాన్న కూడా నన్నింత తొందరగా పట్టుకోలేదు." వసారాలోకి వెళ్ళి, విప్పిన వల ముక్కలోంచి ఒక గుండు కోసుకుని వచ్చాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. "లూసిండా, బుధవారం ఇరవై తీసుకున్నా, చెప్పలేదు" అన్నాడు. గుండు డబ్బాలో వేశాడు. అది ఠంగుమంది.

వెల్డా నూట ముప్పై రెండు అని దిద్దింది. కింద రెండు గీతలు గీసింది. అటు నాలుగు వేల అయిదు వందలు. ఇటు నాలుగు వేల అయిదు వందలు.

"ఇప్పుడు ఆపేస్తావా చదువు?" అన్నాడు కాన్రాడ్.

వెల్డా తల అడ్డంగా ఊపింది.

మే నెల పరీక్షలో చివరి ప్రశ్న చాలామంది వదిలేసినది. యజమాని పెట్టుబడిని అప్పుల వైపు ఎందుకు రాస్తారో మీ సొంత మాటల్లో వివరించండి. వెల్డా రెండున్నర పేజీలు రాసింది. అందులో పుస్తకంలోని మాట ఒక్కటి లేదు. ఒక పడవ, ఒక డబ్బా, నూట ముప్పై రెండు సీసపు గుళ్ళు.

వారం తర్వాత గిటెన్స్ సార్ తన గదికి పిలిపించాడు. ఆమె కాగితాలు బల్ల మీద ఉన్నాయి. వెల్డా కూర్చోలేదు.

"మీ నాన్నగారు ఎంతవరకు చదువుకున్నారు?"

"నాలుగో తరగతి సార్. అది కూడా సగమే."

"ఎవరు నేర్పారు ఇది?"

"వాళ్ళ నాన్న. ఆయనకి ఎవరు నేర్పారో తెలీదు సార్."

సార్ చేతిరుమాల్లోంచి సుద్దముక్క తీసి, చూసి, మళ్ళీ చుట్టాడు. "అక్టోబర్లో బేకరీకి వాటా ఇచ్చినందుకు మార్కులు తగ్గించాను. అవి ఇప్పుడు కూడా ఇవ్వను. లాభం యజమానిదే, బేకరీది కాదు. తప్పు తప్పే."

"అవును సార్."

"కానీ ఆ రోజు మీరు కప్పు అన్నారు. అరిగిపోయేదాని కోసం ముందే డబ్బు పక్కన పెట్టడం రెండో ఏడాది పాఠం. మీరు మొదటి నెలలోనే చెప్తే నేను నవ్వనిచ్చాను." ఆయన కాగితాలు ఆమె వైపు జరిపాడు. "యాభై తొమ్మిది వచ్చాయి. వెళ్ళండి. ఆ… మిస్ పాట్రిస్. ఎప్పుడైనా మీ ఊరొస్తే ఆ డబ్బా చూడనిస్తారా?"

"లూసిండాని అడగాలి సార్" అంది వెల్డా.

ఆయన ముందు తెల్లబోయి, తర్వాత మొదటిసారి నవ్వాడు.

బయట కెర్విన్ గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమె మొహం చూసి, "పాసా? మరి ఈ గోడకి వాటా లేదా? ఇందాకట్నుంచీ నిన్ను మోసింది ఇదే" అన్నాడు. వెల్డా సంచిలోంచి అత్త కట్టిచ్చిన కొబ్బరి మిఠాయి ముక్క తీసి గోడ మీద పెట్టింది. దాన్ని కెర్విన్ తినేశాడు.

చదువు పూర్తయ్యేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ లూసిండాకి కొత్త ఇంజన్ రాలేదు. కాన్రాడ్ తెరచాపతోనే నడిపాడు. ఎవరైనా అడిగితే, గాలికి రసీదు అక్కర్లేదు కదా అనేవాడు. వెల్డా తిరిగొచ్చి సంఘంలో చేరిన మొదటి నెల జీతంలోంచి నాలుగు గుళ్ళు బయటికి తీసింది. చివరి గుండు తీసేటప్పటికి అయిదేళ్ళు గడిచాయి. ఆ ఏడు ఇంజన్ వచ్చింది. బిగించే రోజున ఫాదర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మోనా అత్త కూడా సమయానికి వచ్చింది, కానీ తాడు వెల్డానే పట్టుకుంది.

ఇప్పుడు వెల్డాకి నలభై మూడేళ్ళు. సంఘంలో పదకొండు పడవల లెక్కలు రాస్తుంది. ఒక్కో పడవకీ ఒక్కో పుస్తకం, ఒక్కో పుస్తకం మొదటి పేజీలో ఆ పడవ జ్ఞానతల్లి పేరు. కాన్రాడ్ సముద్రం మీదికి వెళ్ళడం మానేశాడు. బిస్కెట్ డబ్బా ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. అందులో ఇవాళ తొమ్మిది గుళ్ళున్నాయి. అవి ఆయన కళ్ళజోడుకి తీసిన డబ్బువి.